ఇంటికి రెండు ప్రాసెసర్లు ఎందుకండీ?

పాత సర్వర్లలోంచి తీసిన జియాన్లు చవగ్గా దొరుకుతున్నాయని మా టీములో కొత్తగా చేరిన కుర్రాడు తెగ సంబరపడుతున్నాడు. "రెండు పెడితే కోడ్ రెండింతల స్పీడుగా కంపైల్ అవుతుంది కదన్నా" అంటాడు. ఆర్నెల్ల జీతంలో మిగుల్చుకున్న డబ్బు మరి. నా మటుకు నేను వద్దనే అంటాను.

వాడు చూసింది ఈ5-2680 వీ4. 2016 నాటిది, ఒక్కోదాంట్లో 14 కోర్లు. రెండు కలిపితే 28. వినడానికి బానే ఉంది. కానీ జీన్ ఆమ్‌డాల్ 1967లోనే ఈ ఆశకి బ్రేకులేశాడు. బిల్డ్‌లో పదో వంతు పని, చివర్లో లింకింగ్ లాంటిది, ఒకే కోరు మీద జరగాల్సిందే అనుకోండి. అప్పుడు 14 కోర్లతో వేగం మహా అయితే 6.1 రెట్లు, 28 కోర్లతో 7.6 రెట్లు. ప్రాసెసర్లు రెట్టింపైతే లాభం పావు వంతు! పైగా ఆ పదో వంతు పని పాత కోరు మీద ఈడుస్తూ నడుస్తుంది.

మెమరీ గొడవ ఇంకోటి. ఈ బోర్డుల్లో ఏ ప్రాసెసర్ ర్యామ్ దానిదే. పక్కదాని దగ్గరున్న డేటా కావాలంటే మధ్యలో లింకు దాటి తెచ్చుకోవాలి, ఆలస్యం తప్పదు. విండోస్ హోమ్ అయితే రెండో సాకెట్‌ని అసలు వాడుకోదు, ప్రో కొనాల్సిందే (లినక్స్ వాళ్ళకి ఈ బాధ లేదనుకోండి).

కరెంటు సంగతి చూద్దాం. రెండిటి టీడీపీ 240 వాట్లు. బోర్డు, డిస్కులు, గ్రాఫిక్స్ కార్డు అదనం. మామూలు 600 వీఏ యూపీఎస్ ఇచ్చేది సుమారు 360 వాట్లు. ఫుల్ లోడ్ మీద ఉండగా పవర్ పోయిందా, బిల్డ్ గోవిందా.

ఒకప్పుడు దీనికి అర్థం ఉండేది. 1999లో ఎబిట్ బీపీ6 బోర్డు మీద రెండు సెలెరాన్లు పెట్టుకుని మురిసిపోయినవాళ్ళున్నారు. అప్పుడు చిప్పుకి ఒకటే కోరు. ఏదో ఒక ప్రోగ్రాం దాన్ని పట్టేసుకుంటే మిగతావన్నీ నత్తనడకే, రెండోది ఉంటే మిషనుకి ఊపిరాడేది. 2005లో పెంటియం డీ, అథ్లాన్ 64 ఎక్స్2 వచ్చాక ఆ సుఖం ఒకే సాకెట్‌లోకి వచ్చేసింది. 2020 నాటి రైజెన్ 9 5950ఎక్స్ 105 వాట్ల టీడీపీకే 16 కోర్లు ఇచ్చింది. అంత ఖరీదు పెట్టలేకపోతే కోర్లు తక్కువైనా సరే, కొత్త తరం ప్రాసెసర్ ఒక్కటి, మంచి ఎస్సెస్డీ ఒకటి చాలు.

ఒకేసారి పది వర్చువల్ మెషిన్లు నడిపేవాళ్ళ సంగతి వేరు. ఒక్కో మెషిన్‌ని ఒక్కో ప్రాసెసర్‌కి కట్టేస్తే పైన చెప్పిన మెమరీ గొడవ చాలావరకు తగ్గుతుంది. అలాంటివాళ్ళు కూడా కొనేముందు బోర్డు కొలతలు చూసుకోండి, ఈఈబీ సైజు బోర్డులు మామూలు క్యాబినెట్‌లో పట్టవు.