తెర వెలగని కంప్యూటరు: ఇంటిలోనే ఒక తర్కపాఠశాల

హైస్కూలు చదివే మన పిల్లలలో కొందరు తయారైన కంప్యూటరును కొనిపెట్టమని అడగడం మాని, విడిభాగాలు తెప్పించుకొని తామే కూర్చుకొంటున్నారు. ఇది సంతోషించవలసిన విషయం. అయితే అన్నీ బిగించి మీట నొక్కగానే ఒక్కొక్కసారి పంకాలు తిరుగుతాయి, రంగుల దీపాలు వెలుగుతాయి, తెర మాత్రం చీకటిగానే ఉండిపోతుంది. అప్పుడు పెద్దలమైన మనం సాధారణంగా రెండింటిలో ఒకటి చేస్తాము. "అన్నీ వెనక్కి పంపించేయి" అంటాము. లేదా పిల్లల చేతిలోని స్క్రూడ్రైవరు తీసుకొని మనమే కూర్చుంటాము. కంప్యూటరు వృత్తిలో ఉన్న తండ్రులకు ఈ రెండవ అలవాటు మరీ ఎక్కువ. ఈ రెండూ తగవని నా అభిప్రాయం.

మీట నొక్కిన వెంటనే కంప్యూటరు తనను తాను పరీక్షించుకొంటుంది. విద్యుత్తు, ప్రాసెసరు, ర్యామ్, గ్రాఫిక్స్ వరుసగా సరిగా పలికితేనే తెరపై మొదటి అక్షరం కనిపిస్తుంది. 1981లో వెలువడిన ఐ.బి.ఎం. పి.సి. ఈ పరీక్షా ఫలితాన్ని కూతలతో తెలిపేది. ఒక పొట్టి కూత క్షేమానికి గుర్తు. ఒక పొడుగు, రెండు పొట్టి కూతలు చిత్రవిభాగంలోని దోషానికి గుర్తు. నేటి మదర్‌బోర్డులలో అనేకం అదే పనిని నాలుగు చిన్న దీపాలతో చేస్తున్నాయి. ఏ దీపం ఆరకుండా నిలిచిపోయినదో, వెదకడం అక్కడ ప్రారంభించాలి. యంత్రం తన బాధను తానే చెప్పుకొంటున్నప్పుడు, ముందుగా దానిని వినడం నేర్చుకోవాలి.

చంకలో బిడ్డను పెట్టుకొని ఊరంతా వెదికినట్లు కాకుండా, సులభమైనవాటిని మొదట చూడాలి. మానిటరు కేబులును గ్రాఫిక్స్ కార్డుకు తగిలించారా, లేక పొరపాటున మదర్‌బోర్డుకు తగిలించారా? పేరు చివర 'ఎఫ్' అక్షరమున్న ఇంటెల్ ప్రాసెసర్లలో గ్రాఫిక్స్ ఉండదు గనుక, మదర్‌బోర్డు నుండి చిత్రం రానే రాదు. ప్రాసెసరు పక్కన ఉండే ప్రత్యేక విద్యుత్ కనెక్టరును తగిలించారా? అది లేకపోయినా పంకాలు తిరగవచ్చు. కనుక పంకా తిరిగినంత మాత్రాన ప్రాసెసరు పనిచేస్తున్నదని అనుకోరాదు. ర్యామ్ పలకలు 'టిక్'మని కూర్చున్నాయా? డి.డి.ఆర్.5 ర్యామ్ అయితే, మొదటిసారి దానిని సరిచూసుకోవడానికే కొన్ని నిమిషాలు పట్టవచ్చు. అంతసేపూ తెర చీకటిగానే ఉంటుంది. ఇక్కడ కావలసిన పనిముట్టు ఓపిక ఒక్కటే. ఒక్కొక్కప్పుడు భాగాలన్నీ మంచివే అయినా పొత్తు కుదరదు: 2020 చివర వచ్చిన రైజెన్ 5000 ప్రాసెసరు, 2018 నాటి బి450 మదర్‌బోర్డుపై కొత్త బయోస్ ఎక్కించనిదే పనిచేయదు.

ఇవన్నీ చూసినా ఫలితం లేనప్పుడే అసలు పాఠం మొదలవుతుంది. ఆంధ్రుడని ప్రసిద్ధి చెందిన అన్నంభట్టు 17వ శతాబ్దంలో తర్కసంగ్రహం రచించాడు. అందులో పొగ, నిప్పుల ఉదాహరణ ఉన్నది. పొగ ఉన్న వంటింటిలో నిప్పు ఉన్నది, ఇది అన్వయం. నిప్పు లేని చెరువులో పొగ కూడా లేదు, ఇది వ్యతిరేకం. చీకటి తెర ముందు కూర్చున్న పిల్లలు చేయవలసినదీ ఇదే. మదర్‌బోర్డు, ప్రాసెసరు, దాని పంకా, ఒకే ఒక్క ర్యామ్ పలక, చిత్రానికి అవసరమైతే గ్రాఫిక్స్ కార్డు, వీటిని మాత్రమే ఉంచి తక్కినవన్నీ విప్పి, మదర్‌బోర్డును దాని అట్టపెట్టెపై పెట్టి నడపాలి. అక్కడ పనిచేసి, పెట్టెలో బిగించగానే ఆగిపోతే, బోర్డు అడుగున ఏదైనా లోహపు స్టాండాఫ్ తగులుతున్నదేమో చూడాలి. రెండవ ర్యామ్ పలక పెట్టగానే ఆగి, తీయగానే నడిచి, మళ్ళీ పెట్టగానే ఆగితే, దోషం ఆ పలకలోనో, ఆ గాడిలోనో ఉన్నది. పలకను మరొక గాడిలో పెట్టి చూస్తే ఆ సందేహమూ తీరుతుంది. ఒక్కసారికి ఒక్క మార్పే చేయాలి. రెండు మార్పులు కలిపి చేసినవారికి కంప్యూటరు నడవవచ్చు గాని, కారణం మాత్రం దక్కదు.

పెద్దలకు ఇందులో పని లేదని కాదు. పెట్టెలో చేయి పెట్టేముందు విద్యుత్ కేబులు ఊడదీశారా అని చూడడం మన బాధ్యత. పవర్ సప్లై డబ్బాను మాత్రం ఎవరూ విప్పరాదు; కేబులు తీసిన తరువాత కూడా అందులోని కెపాసిటర్లలో ప్రమాదకరమైన విద్యుత్తు నిలిచి ఉండవచ్చు. ఇంతకు మించి మనం చేయదగినది మూడు ప్రశ్నలు అడగడమే: ఏమి చూశావు? చివరిగా ఏమి మార్చావు? ఇప్పుడు దేనిని అనుమానితుల జాబితా నుండి తొలగించగలవు?

భాగం నిజంగానే చెడిపోయి ఉంటే దానిని తప్పక వెనక్కి పంపవలసిందే. అయితే ఏ భాగమో, ఎందుకో తెలిసి పంపడం వేరు, విసుగుతో అన్నింటినీ పంపడం వేరు. మొదటి దానిలో బిడ్డ ఒక విషయాన్ని నిరూపించినట్లు; రెండవ దానిలో కష్టం రాగానే మరొకరు చూసుకొంటారని నేర్చుకొన్నట్లు. పరాయి దేశంలో పెరిగి, రేపు మనం పక్కన లేనిచోట వైద్యులుగానో, ఇంజనీర్లుగానో నిర్ణయాలు తీసుకోవలసిన పిల్లలకు ఈ భేదం చాలా పెద్దది. కనుక అబ్బాయికైనా అమ్మాయికైనా ఆ స్క్రూడ్రైవరును, దానితోపాటు ఒక శనివారాన్ని పూర్తిగా వదిలిపెట్టండి.