కారణం ఒక్కసారి చెబితే చాలదా?

బదిలీ ఉద్యోగుల పిల్లలం కదా, కొన్నేళ్లకోసారి టీసీ కోసం ఇంగ్లీషులో దరఖాస్తు రాయక తప్పదు. అందులో తరచుగా కనిపించే వాక్యం ఇది: "ద రీజన్ వై ఐ నీడ్ ద టీసీ ఈజ్ బికాజ్ మై ఫాదర్ ఈజ్ ట్రాన్స్‌ఫర్డ్." రీజన్ అంటే కారణం. బికాజ్ చెప్పేదీ కారణమే. "ఐ నీడ్ ద టీసీ బికాజ్ మై ఫాదర్ ఈజ్ ట్రాన్స్‌ఫర్డ్" అంటే సరిపోతుంది. రీజన్ అనే మాట మీద మోజుంటే "ద రీజన్ ఈజ్ మై ఫాదర్స్ ట్రాన్స్‌ఫర్" అనండి. రెండూ మాత్రం వద్దు.

ఈ అలవాటు కొంత మన తెలుగు నుంచే వస్తోందని నాకనిపిస్తుంది. "ఎందుకు రాలేదంటే, వాన పడింది కాబట్టి రాలేదు" అంటాం. ముందు ఎందుకు, చివర కాబట్టి. మాటల్లో అది బాగానే ఉంటుంది. ఇంగ్లీషులోకి వెళ్లేసరికి "బికాజ్ ఇట్ రెయిన్డ్, సో ఐ డిడ్ నాట్ కమ్" అవుతుంది. బికాజ్ ఉన్నచోట సో ఎందుకు? (రీజన్, బికాజ్ జంటను ఇంగ్లీషువాళ్లూ వందల ఏళ్లుగా వాడుతున్నారు లెండి. మనమొక్కళ్లమే కాదు.)

అసలు నష్టం సోషల్ జవాబుల్లో తెలుస్తుంది. ఆంధ్రలో, కాకినాడకు దగ్గర్లో ఉన్న యానాం పుదుచ్చేరిలో భాగం ఎందుకయింది? "ద మెయిన్ రీజన్ వై యానాం ఈజ్ ఇన్ పుదుచ్చేరి ఈజ్ బికాజ్ ఆఫ్ ఫ్రెంచ్ రూల్" అని రాస్తే లైను నిండుతుంది, చాలా చెప్పేశామనిపిస్తుంది. చెప్పింది మాత్రం ఫ్రెంచి పాలన అన్న ఒక్క ముక్కే. అదనపు మాటలు తీసేస్తే ఆ ఖాళీ కనబడుతుంది, రాయాల్సినవి గుర్తొస్తాయి. పుదుచ్చేరి, కారైకాల్, మాహె, యానాం నాలుగూ ఫ్రెంచివారి కింద ఉండేవి. 1954లో ఆ పాలన ముగిసింది. ప్రజల అభిప్రాయం తెలుసుకున్నాకే ఈ ప్రాంతాల హోదా మార్చాలని 1956 ఒప్పందంలో రాసుకున్నారు. 1962 ఆగస్టు 16న అది అమల్లోకి వచ్చింది. అసలు కారణాలు ఇవి.

కొత్త బడిలో మనల్ని కూడా అడుగుతారు: నీకు తమిళం ఎందుకు రాదు? "ద రీజన్ ఈజ్ బికాజ్" అని మొదలుపెడితే జవాబు కాస్తా సంజాయిషీలా వినిపిస్తుంది. "బికాజ్ ఐ కేమ్ ఫ్రమ్ వైజాగ్ ఇన్ జూన్" అని చూడండి, తర్వాతి ప్రశ్న వైజాగ్ బీచి గురించే వస్తుంది.