దూరాన ఉన్న యంత్రానికి నాడి పట్టడం

రాయ్‌పూర్ నుండి జగదల్‌పూర్ దాదాపు 300 కిలోమీటర్లు. నడుమ కేశ్‌కాల్ కనుమ మలుపులు. జగదల్‌పూర్ నుండి సుక్మాకు మరొక నూరు కిలోమీటర్లు. ఇంకా దక్షిణానికి సాగితే, శబరి నది చెంత, తెలుగు మాట వినవచ్చే కోంటా. కాకతీయుల సంతతి వారమని చెప్పుకొన్న రాజులు ఏలిన ఈ బస్తర్ సీమ వైశాల్యం 39 వేల చదరపు కిలోమీటర్లకు పైమాటే. కేరళ రాష్ట్రం ఇందులో ఇమిడిపోతుంది. ఒకప్పుడు ఒకే జిల్లాగా ఉన్న ఈ ప్రాంతం నేడు ఏడు జిల్లాలు.

ఈ ఏడింటిలో ఒక చోట, ఒక కార్యాలయపు కంప్యూటరు తెల్లవారేసరికి మూగబోయిందనుకుందాం. దానిని బాగుచేయగల ఇంజనీరు రాయ్‌పూర్‌లో ఉన్నాడు. జీపు ఎక్కితే పోవడానికి ఒక దినం, రావడానికి ఒక దినం. వర్షాకాలమైతే ఆ లెక్క కూడా నిలవదు. తీరా అతడు వెళ్లి చూస్తే, ఆ మహాయంత్రం "ముందుకు సాగుటకు ఎఫ్1 మీట నొక్కుడు" అని తెరమీద వ్రాసుకొని, నొక్కేవారి కోసం రాత్రంతా ఎదురుచూస్తూ ఉండవచ్చు! చౌకబియ్యం పంపకం, ధాన్యం కొనుగోలు 2007 ప్రాంతం నుండి కంప్యూటరు లెక్కల మీద నడుస్తున్న రాష్ట్రంలో, యంత్రం రెండు దినాలు నోరు మెదపకపోతే ఆ ఇబ్బంది కార్యాలయపు గోడల లోపలే ఆగదు. అడవిదారిన నడిచి వచ్చిన మనిషి ఖాళీ సంచితో తిరిగి పోవలసివస్తుంది.

ఇటువంటి అవసరం కోసమే ఒక చిన్న పెట్టె పుట్టింది. కీబోర్డు, వీడియో, మౌస్ అనే మూడు మాటల తొలి అక్షరాలు కలిపి దీనిని కె.వి.ఎం. అంటారు. కంప్యూటరు నుండి తెరకు పోవలసిన చిత్రాన్ని ఇది పట్టుకొని నెట్‌వర్క్ మీద దూరానికి పంపుతుంది. దూరాన నొక్కిన మీటలను తెచ్చి, తానే కీబోర్డునన్నట్లు కంప్యూటరుకు అందిస్తుంది. ఇదే పనిచేసే సాఫ్ట్‌వేర్లు లేకపోలేదు. అయితే అవి కంప్యూటరు మేలుకొని ఉన్నప్పుడే పలుకుతాయి. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రయిక్ సంస్థ పంపిన ఒక దోషపూరితమైన ఫైలు వల్ల ప్రపంచమంతటా సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలితెర వేసుకొని పడిపోయినప్పుడు ఈ భేదం తేటతెల్లమైంది. సాఫ్ట్‌వేరును నమ్ముకొన్నవారు ఒక్కొక్క యంత్రం దగ్గరికి నడిచి వెళ్లవలసివచ్చింది. ఈ పెట్టె వంటి ఏర్పాటు ఉన్నవారు కుర్చీలో నుండి లేవకుండానే ఆ ఫైలును తొలగించగలిగారు.

ఇంతవరకు బాగానే ఉంది. చిక్కల్లా పెట్టెకే జబ్బు చేసినప్పుడు. రాయ్‌పూర్‌లో తెర నల్లగా కనబడుతున్నది. చచ్చినది కంప్యూటరా, పెట్టెయా, నడిమి దారియా? చత్వారం వచ్చినవాడు దీపం మసిబారిందనుకొన్నట్లు, అనుభవం లేనివారు ఇక్కడనే పొరబడి, నిక్షేపంగా పనిచేస్తున్న కంప్యూటరును బలవంతాన ఆర్పివేస్తారు. వ్రాతలో ఉన్న లెక్కలు దానితో చెడిపోయినా ఆశ్చర్యం లేదు.

అనుభవజ్ఞుడు ముందుగా నాడి చూస్తాడు. కీబోర్డు మీద నంలాక్ అనే మీట, దానికొక చిన్న దీపం ఉంటాయి. ఆ దీపాన్ని వెలిగించేది కీబోర్డు కాదు. మీట నొక్కిన వార్త అందుకొన్న కంప్యూటరు "వెలుగు" అని తిరిగి ఆజ్ఞ ఇస్తేనే అది వెలుగుతుంది. పెట్టె ఆ దీపం స్థితిని దూరానికి చూపుతుంది. కనుక తెర ఎంత చీకటిగా ఉన్నా, మీట నొక్కినప్పుడల్లా దీపం మారుతున్నదంటే లోపల ప్రాణమున్నట్లే. లోపం చిత్రం వచ్చే దారిలో ఉన్నదన్నమాట.

ఆ దారిలో తరచు ఎదురయ్యే లోపం ఒకటి వినోదకరమైనది. కంప్యూటరు మేలుకొనగానే తెరను పలకరించి, "నీ కొలతలేమి?" అని అడుగుతుంది. తెర 128 బైట్ల చిన్న జాతకం వంటిది చదివి వినిపిస్తుంది. దీనిని ఇ.డి.ఐ.డి. అంటారు. బదులు రాకపోతే, చూసేవారు లేని నాటకం ఎందుకని కాబోలు, చాలా కంప్యూటర్లు చిత్రాన్ని పంపడమే మానుకొంటాయి. తెరకు మారుగా కూర్చున్న పెట్టె ఈ జాతకాన్ని తాను చదవాలి. కరెంటు పోయి వచ్చినప్పుడు పెట్టె కంటె కంప్యూటరు ముందు లేచిందా, ప్రశ్న వేసే సమయానికి బదులిచ్చే దిక్కు ఉండదు. కరెంటు పోయినప్పుడల్లా తెర నల్లబడుతున్నదని ఫిర్యాదు వస్తే మొదట అనుమానించవలసినది దీనినే. పెట్టెకు వేరే బ్యాటరీ అమర్చవచ్చు. లేదా ఎప్పుడూ ఆ జాతకాన్నే వల్లించే కొద్దిపాటి ధర బిరడా ఒకటి తగిలించవచ్చు.

మౌస్ బాధ వేరు. ఇక్కడ చేయి కొంచెం కదిపితే, అక్కడి కంప్యూటరు దానికి తన వేగం జోడించి బాణాన్ని బారెడు దూరం తోసివేస్తుంది. తెరమీద రెండు బాణాలు రెండు దారులు పడతాయి. "ఇంత కదులు" అనడానికి బదులు "ఈ చోటికి పో" అని చెప్పే పద్ధతికి పెట్టెను మారిస్తే సమసిపోతుంది.

కీబోర్డు నత్తి మాత్రం ప్రమాదకరం. మీట నొక్కడం ఒక వార్త, వదలడం మరొక వార్త. రెండవ వార్త దారిలో అర సెకను మించి చిక్కుకొంటే, వేలు ఇంకా మీట మీదనే ఉన్నదని కంప్యూటరు భావించి ఒక 'ర' కొట్టినచోట పది 'ర'లు పరుస్తుంది. అది చెరిపే మీట అయితే ఏమవుతుందో చెప్పనక్కరలేదు. ఉపగ్రహం మీదుగా పనిచేసేటప్పుడు మరింత ఓర్పు కావాలి. భూమికి 36 వేల కిలోమీటర్ల ఎత్తున ఉన్న ఉపగ్రహానికి వార్త పోయి దిగడానికే పావు సెకను, బదులు రావడానికి మరొక పావు. 1980ల చివర నిక్‌నెట్ దేశంలోని జిల్లా కేంద్రాలను కలిపింది ఈ ఆకాశమార్గాననే.

2018 ఏప్రిల్‌లో బస్తర్ నెట్ తొలి దశ ప్రారంభమై, ఏడు జిల్లాలకు ఫైబర్ దారి ఏర్పడింది. ఫైబర్ వేగం వేరు. అయితే ఎక్కడో రోడ్డు పనిలో గునపం తగిలిందంటే కంప్యూటరుతోపాటు, దానిని చూడవలసిన పెట్టె కూడా అందకుండాపోతుంది. తాళంచెవిని లోపల పెట్టి తలుపు మూసుకొన్నట్టి ఈ అవస్థ మారుమూలలకే పరిమితం అనుకోవద్దు. 2021 అక్టోబరు 4న ఫేస్‌బుక్ సంస్థ నెట్‌వర్క్ కూలినప్పుడు, అత్యవసరానికని వేరుగా ఉంచుకొన్న దారి కూడా పనిచేయలేదు. ఇంజనీర్లు స్వయంగా యంత్రశాలలకు వెళ్లవలసివచ్చింది. సేవలు తిరిగి అందడానికి సుమారు ఆరు గంటలు పట్టింది.

కనుక పెట్టెకు ఒక మొబైల్ సిమ్‌తోనో, ఉపగ్రహంతోనో రెండవ దారి ఉండాలి. సన్నని దారి చాలు. చిత్రం రంగులు తగ్గించి చిన్నదిగా పంపితే సరిపోతుంది. ఉత్త టెలిఫోన్ మీటలతోనే దూరపు కంప్యూటరును నడిపించిన అనుభవం బస్తర్‌కు కొత్త కాదు. 2010లో పాత్రికేయుడు శుభ్రాంశు చౌధరి ఆరంభించిన సీజీనెట్ స్వర, గోండీ మాట్లాడే పల్లెవాసులు బెంగళూరు నంబరుకు ఫోన్ చేసి, 1 నొక్కి తమ వార్త చెప్పడానికి, 2 నొక్కి ఇతరుల వార్త వినడానికి వీలు కల్పించింది.

దారులు పెంచినకొద్దీ దొంగలకూ దారి పెరుగుతుంది. పెట్టెతో వచ్చిన రహస్యపదాన్ని మార్చకుండా దానిని బహిరంగ ఇంటర్నెట్‌కు తగిలించడం, వీధి తలుపు బార్లా తీసి నిద్రపోవడమే. ఉత్తర కొరియా మనుషులు అమెరికన్ ఉద్యోగులుగా నటించడానికి ఇటువంటి పెట్టెలనే వాడుకొన్నట్లు 2025లో అమెరికా న్యాయశాఖ వెల్లడించింది.

ఇన్ని జాగ్రత్తలూ తీసుకొన్న తరువాత కూడా ఒకానొక రాత్రి పెట్టె తానే బిగుసుకొని పోతుంది. కరెంటు మీటను దూరం నుండి నొక్కే ఏర్పాటు ఉంటే సరే. లేనిచోట రాయ్‌పూర్ ఇంజనీరు కార్యాలయపు కావలివానికి ఫోన్ చేస్తాడు. బస్తర్‌లో ఊరూరా తెలిసిన హల్బీ మాట రెండు ముక్కలు వస్తే పని సులువు. బీరువా వెనుక నల్లని చిన్న పెట్టె, దాని తీగ ఊడదీసి, పది లెక్కపెట్టి, మళ్లీ పెట్టమనాలి. పక్కనున్న పెద్ద యంత్రం తీగను మాత్రం ముట్టుకోవద్దని రెండుసార్లు చెప్పాలి.