కరాటే యేల నేర్చుకొనవలెను?

మన పాఠశాలలో సాయంకాలమున కరాటే తరగతి పెట్టింపవలెనని మేము కొందఱము కోరినప్పుడు పెద్దలలో ననేకులు పెదవి విఱిచిరి. పిల్లలకు కొట్లాట నేర్పుట బడి పనియా యని వారి ప్రశ్న. అది యడుగదగిన ప్రశ్నయే. మాకు దోచిన సమాధానమును చదువరులకు మనవి చేసికొనుచున్నాము.

ఈ విద్య బడిలోనికి వచ్చుట క్రొత్త గాదు. జపానునకు జెందిన ఒకినావా దీవిలో పూర్వము గురువులు కరాటేను రహస్యముగా, కొలదిమంది శిష్యులకు మాత్రమే నేర్పెడివారు. ఇరువదవ శతాబ్దపు టారంభమున ఇతోసు అంకో యను వృద్ధ గురువు దానిని పాఠశాలలలో దేహపరిశ్రమగా బ్రవేశపెట్టెను. బాలురకు సులభముగా నుండుటకై యాయన కూర్చిన యైదు వరుసలకు ‘పినాన్’ అని పేరు. శాంతి యని దాని యర్థము. దానిని 1922లో టోక్యోలో బ్రదర్శించి జపానంతట వ్యాపింపజేసిన ఫునాకోషి గిచిన్ బడిపంతులు. చిన్ననాడు మిక్కిలి దుర్బలుడు; సాధన వలననే యారోగ్యము చేకూరినదని చెప్పుకొనెడివాడు. 88 ఏండ్లు జీవించెను. జూడోను 1882లో స్థాపించిన కానో జిగోరో యును ఉపాధ్యాయుడే.

అంతదూర మేల? మన యూళ్ళ తాలింఖానాలలో దండీలు, బస్కీలు తీసి కఱ్ఱసాము చేసినవా రందఱును యుద్ధమునకు బోయినవారా? పగలు పొలము దున్ని, సాయంకాలము కఱ్ఱ త్రిప్పి, ఆకలిగొని యింటికి బోయెడివారు.

గుఱ్ఱ మెక్కినట్లు కాళ్ళు ఎడముగా బెట్టి, మోకాళ్ళు వంచి రెండు నిమిషములు నిలిచి చూడుడు. తొడలు వణకును, నుదుట చెమట పట్టును. ఒక్క దెబ్బయైన గొట్టకుండనే దేహమంతయు మేల్కొనును. క్రికెట్టులో బంతి విసరువానికి ఒక భుజమే యధికముగా బనిచేయును. ఇచ్చట కుడివైపు చేసినదానిని ఎడమవైపునను జేయక తప్పదు. జూడోలో మొదటి పాఠము పడుట. గడ్డము రొమ్మున కదిమి, చేతితో నేలను జఱచి పడుట నేర్చినవాడు మెట్లపై జాఱినను తలను గాపాడుకొనగలడు. ఈ విద్య ముదిమిలో మఱింత యక్కఱకు వచ్చును.

మఱియొక సంగతి. ఫుట్‌బాలు జట్టులో 11 మందికే చోటు. బక్కపలుచనివాడు, స్థూలకాయుడు గీత కావల నిలిచి చప్పట్లు కొట్టవలసినదే. సాము తరగతిలో గీత కావల నెవరును లేరు. 5 మొదలు 17 ఏండ్లవఱకు గల పిల్లలు సగటున దినమునకు 60 నిమిషములైన దేహమును శ్రమపెట్టవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. ట్యూషనులకును చేతిఫోనులకును నడుమ మాలో నెందఱకు ఆ గంట దొరకుచున్నది?

అయినను పెద్దల భయము కేవలము నిరాధారము గాదు. మా స్నేహితు డొకడు పట్టణములో నాలుగు నెలలు కరాటే నేర్చి, పసుపుపచ్చ పట్టీ కట్టుకొని, బస్సుల యొద్ద నొక తగవులో దూరి మణికట్టు విఱుగగొట్టుకొని వచ్చెను. వానికి వచ్చినది వ్యాయామము. వచ్చిన దనుకొన్నది యుద్ధము. గాలిలో గొట్టు పిడికిలికి గాలి యెదురు దెబ్బ కొట్టదు గదా! ఈ మాట గురువు మొదటి దినముననే చెప్పవలసినది. ఆ గురువు చెప్పలేదు. నెలనెల రుసుము, పట్టీ పట్టీకి వేఱు రుసుము మాత్రము మఱవక పుచ్చుకొనెను. నల్ల పట్టీ కట్టు నాచారము కానో శిష్యులతో మొదలైనది. దానితో వర్తకము చేయువారు తరువాత బయలుదేరిరి.

ఆరోగ్యమునకై వచ్చువారు నిజమైన శిష్యులు గారని పరిహసించు గురువులును గలరు. వారికంటె పెద్దలే మాకు నచ్చుదురు. వారి భయములో మా క్షేమచింత యున్నది.

కావున మా కోరిక యిది: వారమునకు మూడు దినములు, ముప్పావుగంట చొప్పున తరగతి, పట్టీలు వలదు, పందెములు వలదు, ఎదుటివాని ముఖముపై జేయి పడరాదు, బాలికలకును చోటుండవలెను. పెద్ద హాలులోని బల్లలను ప్రక్కకు జరుపుటకును, మరల యథాస్థానమున బెట్టుటకును మేమే పూచీపడుచున్నాము.