ప్రాసిక్యూటరు ఎవరి పక్షము?

సైనిక్‌పురి మాజీ సైనికోద్యోగుల నివాసముగా పెరిగిన పేట. అచ్చటి గృహస్థుని యింట దొంగలు పడిరనుకొందము. పోలీసువారు దర్యాప్తు ముగించి అభియోగపత్రమును దాఖలు చేయుదురు. అటుపిమ్మట వ్యవహారము ఫిర్యాది చేతిలో నుండదు. న్యాయస్థానమున వాదించువాడు సర్కారువారి ప్రాసిక్యూటరు. ఆతనిని నియమించునది యెవరు? సామాన్యులు ఈ ప్రశ్న నడుగుట యరుదు. అడుగవలసిన ప్రశ్న యిదియే.

అమెరికాలో పెక్కు రాష్ట్రములందు జిల్లా అటార్నీని ఓటర్లే యెన్నుకొందురు. మనవారనేకులు కాపురముండు టెక్సాసులో న్యాయాధిపతుల పదవులకు సైతము ఎన్నికలు జరుగును. అసమర్థుని నాలుగేండ్లకు ఇంటికి పంపు హక్కు ప్రజలకు గలదు, ఇది గుణము. అయితే చందాలకై చేయిచాచినవాడు దాతలపై నిర్భయముగా నేరము మోపగలడా? కాఠిన్యమే ఓట్లు తెచ్చునెడల నిందితునికి న్యాయము దక్కునా? ఇది దోషము.

మన పద్ధతి వేరు. 2024 జూలై 1న అమలులోనికి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 18వ సెక్షను ప్రకారము కలెక్టరు సెషన్సు జడ్జితో సంప్రదించి అర్హుల పట్టికను సిద్ధపరచును. అందుండి రాష్ట్రప్రభుత్వము జిల్లా ప్రాసిక్యూటరును నియమించును. ఏడేండ్ల న్యాయవాదవృత్తి యుండవలెను. నియమము సరియైనదే. కాని నియమించు హస్తము పాలకపక్షముది. గద్దె మారిన ప్రాసిక్యూటరును మారునన్న భయము వెన్నాడుచునే యుండును.

అభియోగమును ఉపసంహరించుకొను అధికారము, న్యాయస్థానము సమ్మతితో, ఈ ప్రాసిక్యూటరుకే కలదు. శాసనసభ్యులపైని, పార్లమెంటు సభ్యులపైని గల కేసులను హైకోర్టు అనుమతి లేనిదే ఉపసంహరింపరాదని 2021 ఆగస్టు 10న సుప్రీంకోర్టు ఆజ్ఞాపించెను. ఇట్టి యాజ్ఞ యవసరమగుటయే వ్యాధిని చాటుచున్నది.

2022 జూన్ 2న తెలంగాణమున న్యాయజిల్లాలు 33 అయినవి. న్యాయస్థానము గడపకు దగ్గరైనందుకు సంతసింతము. కాని గడప దగ్గరైనంతమాత్రమున న్యాయము దగ్గర కాదు.

ఎన్నికలను మనము అరువు తెచ్చుకొనవలెనని మేము చెప్పము. పాలకుల దయాభిక్షయు ఆ పదవికి తగదు. అర్హుల పట్టికను ప్రకటింపవలెను, సెషన్సు జడ్జి యభిప్రాయమునకు విలువ నీయవలెను, పదవికి నిర్ణీతకాలముండవలెను, ఉపసంహరణకు కారణములను వ్రాతమూలముగా వెల్లడింపవలెను. ప్రాసిక్యూటరు మంత్రులకును ఓటర్లకును గాక, సత్యమునకు బద్ధుడు కావలెను. అందులకై పట్టుపట్టవలసినవారు పౌరులే. దొంగ పడినది నేడు పొరుగింటనే కావచ్చును; రేపు మనయింట పడిననాడు విచారించి ఫలమేమి?