పబ్బుల హోరు, పొరుగువారి నిద్ర

పదవీ విరమణ చేశాక కూడా సలహా కోసం నా వద్దకు వచ్చేవారిలో ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు ఉన్నారు. ఆమెకు రక్తపోటు ఉంది. మందులు క్రమం తప్పక వేసుకుంటారు, ఉప్పు తగ్గించారు, ఉదయపు నడక మానరు. ఇటీవల ఆమె ఇంట్లో రక్తపోటు కొలిచి రాసుకున్న చిన్న పుస్తకం నా ముందు పెట్టారు. వారం మధ్యలో అంకెలన్నీ సవ్యంగానే ఉన్నాయి. శని, ఆదివారాల ఉదయాల్లో మాత్రం పెరిగాయి. కారణం అడిగితే, "మా వీధి చివర పబ్బు ఉంది డాక్టరుగారూ. పాట వినిపించదు గానీ, దరువు మాత్రం దిండులోంచి వస్తున్నట్టు ఉంటుంది" అన్నారు.

ఒక్కరి పుస్తకం శాస్త్రీయమైన రుజువు కాదు. అయినా ఆమె చెప్పిన ఆ చివరి మాటలోనే పబ్బులకూ పొరుగువారికీ మధ్య నడిచే తగాదా మూలం ఉందని నా అభిప్రాయం.

పబ్బుల ప్రస్తావన రాగానే మన చర్చ సంస్కృతి మీదికి మళ్లుతుంది. యువత చెడిపోతున్నదని ఒక పక్షం, నగరమన్నాక రాత్రి జీవితం ఉండవద్దా అని మరో పక్షం వాదిస్తాయి. వైద్యుడిగా నేను ఆ వాదంలోకి వెళ్లను. నిద్రపోతున్న మనిషి గుండెకు పబ్బు సంగీతమనీ, పెళ్లి ఊరేగింపు డీజే అనీ, గుడి మైకు అనీ తేడా తెలియదు. దానికి తెలిసింది శబ్దం ఒక్కటే.

నిద్రలో కళ్లు మూసుకుంటాయి గానీ చెవులు మూసుకోవు. మనకు మెలకువ రాకపోయినా మెదడు శబ్దాన్ని గ్రహిస్తూనే ఉంటుంది. దానిని ప్రమాద సంకేతంగా భావించినప్పుడు అడ్రినలిన్, కార్టిసాల్ వంటి హార్మోన్లు విడుదలవుతాయి. గుండె వేగం పెరుగుతుంది, గాఢనిద్ర కాస్తా కలత నిద్రగా మారుతుంది. ఆరోగ్యవంతులలో రాత్రిపూట రక్తపోటు సహజంగా తగ్గుతుంది. రక్తనాళాలకు దొరికే విశ్రాంతి అదే. నిద్ర పదే పదే చెదిరితే ఆ విశ్రాంతి కరువవుతుంది. ఏళ్ల తరబడి ఇలా సాగితే అధిక రక్తపోటు, గుండెజబ్బుల ముప్పు పెరుగుతుందని రవాణా శబ్దాలపై జరిగిన అధ్యయనాలు సూచిస్తున్నాయి. రాత్రి ఇళ్ల వెలుపల సగటు శబ్దం 40 డెసిబెల్స్ మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ యూరప్ విభాగం 2009లో సూచించింది కూడా ఇందుకే.

మన దేశంలో చట్టం లేకపోలేదు. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి అంటే 10 గంటల నుంచి ఉదయం 6 గంటల వరకు. నివాస ప్రాంతాల్లో ఆ సమయంలో పరిమితి 45 డెసిబెల్స్, వాణిజ్య ప్రాంతాల్లో 55. ప్రశాంతంగా జీవించడం రాజ్యాంగంలోని 21వ అధికరణం కింద జీవించే హక్కులో భాగమని 2005లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. హైదరాబాదులో జూబ్లీహిల్స్ నివాసులు న్యాయస్థానాన్ని ఆశ్రయించగా, అక్కడి పబ్బుల్లో రాత్రి 10 తరువాత సంగీతం వినిపించరాదని 2022 సెప్టెంబరులో తెలంగాణ హైకోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. తరువాత ఆ ఉత్తర్వు పరిధిపై మళ్లీ వాదోపవాదాలు జరిగాయి.

ఇన్ని నియమాలున్నా తగాదా ఎందుకు తెగదు? మూసిన ప్రాంగణంలో, లోపలివారి కోసం మాత్రమే వాడే ధ్వని పరికరాలకు ఆ నియమాలే మినహాయింపు ఇస్తున్నాయి. తలుపులు మూశాం కదా అన్నది యజమానుల వాదన. ఇక్కడే భౌతికశాస్త్రం అడ్డు వస్తుంది. గాయకుడి గొంతు వంటి తారస్థాయి ధ్వనిని గోడ చాలావరకు ఆపుతుంది. దరువులోని మంద్రధ్వనిని అంత సులభంగా ఆపలేదు. అది గోడల్ని, కిటికీ అద్దాల్ని కంపింపజేస్తూ పొరుగింటి పడకగదిలోకి చేరుతుంది. పాట ఆగిపోయి దరువు మిగలడానికి కారణమిదే.

మరో చిక్కు కొలతలో ఉంది. మన పరిమితులన్నీ 'ఏ' కొలమానంలో ఉన్నాయి. మనిషి చెవి మంద్రధ్వనిని తక్కువగా వింటుంది కాబట్టి ఈ కొలమానం కూడా దానిని తగ్గించి చూపుతుంది. 63 హెర్ట్జ్ వద్ద ఆ తగ్గింపు దాదాపు 26 డెసిబెల్స్. అందువల్ల అధికారి వీధిలో నిలబడి కొలిచినప్పుడు అంకె పరిమితిలోనే ఉండవచ్చు, అదే సమయంలో లోపల పడుకున్నవారికి నిద్ర పట్టకపోనూవచ్చు. ఇద్దరూ అబద్ధమాడటం లేదు. యంత్రం ఒకదాన్ని కొలుస్తున్నది, బాధ మరొకటి.

కనుక నా అభిప్రాయంలో చేయవలసినవి మూడు. మంద్రధ్వనిని అంతగా తగ్గించని 'సి' కొలమానంతో కూడా, ఫిర్యాదుదారు పడకగదిలో, ఫిర్యాదు చేసిన వేళకే కొలవాలి. రాత్రి 10 తరువాత మంద్రధ్వనికి కళ్లెం వేసే పరిమితి యంత్రాన్ని అనుమతి పత్రంలోనే షరతుగా పెట్టాలి. ఇళ్ల మధ్య పబ్బు తెరిచేవారు ధ్వని నిరోధక నిర్మాణం పూర్తయ్యాకే వ్యాపారం మొదలుపెట్టాలి.

వ్యాపారులకూ న్యాయం జరగాలి. ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రం 2014లో ఒక సూత్రాన్ని అమలులోకి తెచ్చింది. కొత్తగా వచ్చి పరిస్థితిని మార్చినవారే రక్షణ ఖర్చు భరించాలన్నది దాని సారాంశం. పాత సంగీతశాల పక్కన కొత్త అపార్టుమెంటు కడితే గోడల బాధ్యత బిల్డరుది. పాత ఇళ్ల మధ్యకు పబ్బు వస్తే ఆ బాధ్యత యజమానిది. ఇంతకంటే సూటి న్యాయం నాకు తోచడం లేదు.

యజమానులకు మరో మాట. 85 డెసిబెల్స్ శబ్దంలో 8 గంటలు పనిచేయవచ్చనీ, ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కు ఆ వ్యవధి సగమవుతుందనీ అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ లెక్క. ఆ ప్రకారం 100 డెసిబెల్స్ వద్ద సురక్షిత సమయం 15 నిమిషాలే. మీ దగ్గర రాత్రంతా పళ్లేలు మోసే కుర్రవాడికి చెవులు పోతే తిరిగి రావు. హోరు తగ్గితే పొరుగువారి కంటే ముందు లాభపడేది అతడే.

నివాసులు కూడా కోపంతో కాక ఆధారంతో మాట్లాడాలి. తేదీ, సమయం, ఎంతసేపు, కిటికీ మూసినా వినిపించిందా అన్నవి రాసి ఉంచండి. పరిమితిని 10 డెసిబెల్స్ లేదా అంతకు మించి దాటితే ఫిర్యాదు చేసే హక్కు నియమాల్లోనే ఉంది. ఇంట్లో రక్తపోటు రోగులుంటే వారి అంకెలను కూడా జతచేయండి.

ఆ ఉపాధ్యాయురాలికి నేను మందు మోతాదు పెంచలేదు. ఆమె పుస్తకంలో నిద్ర చెడిన గంటలకు మరో గడి గీసి ఇచ్చాను. ఆమె వ్యాధికి చికిత్స నా చేతిలో కొంతే ఉంది, మిగిలినది ఆ వీధి చివర ఉంది.