బలవంతుడిదే బతుకని డార్విన్ అనలేదు

గుంతకల్లులో ఒక కోచింగ్ సెంటర్ గోడ మీద ఈ వారం పెద్ద అక్షరాల రాత చూశాను: 'బలవంతుడిదే బతుకు - డార్విన్'. ఆ గోడ కిందే వజ్రకరూరు బస్సు కోసం పిల్లలు నిలబడి ఉన్నారు. వేరుశనగ ఎండిపోయి అప్పుల్లో మునిగిన ఇళ్ల పిల్లలు వాళ్లలో ఉండకపోరు. మీ నాయన చేతగానివాడు కాబట్టి ఓడిపోయాడని ఆ గోడ వాళ్లకు చెబుతోంది. ఒళ్లు మండింది.

'తగినది నిలుస్తుంది' అన్న మాటను 1864లో పుట్టించినవాడు హెర్బర్ట్ స్పెన్సర్. తర్వాత డార్విన్ దాన్ని తీసుకున్నాడు, నిజమే. కానీ తగినదంటే ఆ చోటికి, ఆ కాలానికి సరిపడినదని. కండ ఉన్నదని కాదు, మంచిదని అసలే కాదు. 1871లో మనిషి పుట్టుక గురించి రాసిన పుస్తకంలో డార్విన్ నీతిని వివరంగా చర్చించాడు. ఎదుటివాడి బాధకు కదిలే గుణం గుంపుగా బతికే జీవుల్లోంచే పెరిగిందన్నాడు. ఒకరికొకరు ఆసరాగా నిలిచే తెగే మిగతా తెగల మీద గెలుస్తుందన్నాడు. అదే పుస్తకంలో మింగుడుపడని వాక్యాలూ ఉన్నాయి. అయినా నిస్సహాయులను వదిలేస్తే మనలోని ఉత్తమ గుణమే చెడుతుందని రాసినవాడూ ఆయనే.

గెలుపు యోగ్యతకు కొలత కాదని ఇక్కడివాళ్లకు తెలుసు. వజ్రకరూరులో తొలకరి పడగానే ఎక్కడెక్కడి జనమో వచ్చి చేలల్లో వంగి రాళ్లు వెతుకుతారు. ఒకరికి వజ్రం దొరుకుతుంది, వందలమంది వట్టి చేతులతో ఇంటికి పోతారు. దొరికినవాడు అందరికన్నా యోగ్యుడని ఆ ఊళ్లో ఎవరూ అనరు. వానా అంతే. ఒక ఊరి చేలు తడిసి పక్క ఊరివి ఎండితే, అందులో ఏ రైతు గొప్పతనం ఉంది?

ఓడినవాడిదే తప్పనే భావం అధికారి చేతికి చిక్కితే ఏమవుతుందో ఈ నేల ఒకసారి చూసింది. 1876-78 ధాత కరువు నాటికి ఈ అనంతపురం ప్రాంతం బళ్లారి జిల్లాలో ఉండేది. కరువు పనుల్లో రాళ్లు కొట్టే మగమనిషికి రోజుకు పౌను ధాన్యం, అంటే దాదాపు 450 గ్రాములు, ఒక అణా చాలని బ్రిటిష్ అధికారి సర్ రిచర్డ్ టెంపుల్ కూలి కోశాడు. అది మనిషిని చంపే కూలి అని మద్రాసు శానిటరీ కమిషనర్ డాక్టర్ కార్నిష్ పోరాడాడు. టెంపుల్ డార్విన్‌ను చదివి కోయలేదు, ఖజానా చూసి కోశాడు. కానీ నిలవలేనివాడు పోతే పోనీ అనే మనసుకు అలాంటి లెక్కలు సులువుగా నచ్చుతాయి. ఇవాళ ఎండిన చేను గట్టున నిలబడి 'కాలానికి తగ్గట్టు రైతు మారలేదు' అనేవాళ్లదీ అదే మనసు.

ప్రకృతిలో జరిగేదంతా మనం చేయదగినది కాదు. డార్విన్ కోసం అందరితో వాదించిన హక్స్‌లీయే 1893లో ఆ మాట తెగేసి చెప్పాడు: సమాజం ముందుకు పోవాలంటే ప్రకృతి పోకడను అనుకరించకూడదు, ఎదుర్కోవాలి.

ఇవన్నీ పిల్లలకు చెప్పేదెవరు? 2023లో ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి సైన్సు పుస్తకంలో పరిణామాన్ని తీసేసి అనువంశికతను మాత్రం ఉంచింది. భారం తగ్గించామన్నారు. బడి వదిలేసిన పాఠాన్ని గోడలు అందుకున్నాయి, తప్పుగా.

అనంతపురం సైన్సు మాస్టార్లూ, టీచరమ్మలూ! పరీక్షకు రాకపోయినా ఒక్క పీరియడ్ డార్విన్‌కు ఇవ్వండి. ఆయన నిజంగా ఏమన్నాడో, ఏమనలేదో పిల్లలకు చెప్పండి.